ముఖం ఎవరిది? ఆరోవంతు ప్రమాణపు యాక్షన్ ఫిగర్ల తయారీలో పోటీ: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

చలనచిత్ర పాత్రలను అసలు మనిషిలో ఆరోవంతు పరిమాణంలో, నటుడి పోలిక చెడకుండా తయారుచేసే ఖరీదైన బొమ్మల పరిశ్రమ గత పాతికేళ్లలో హాంగ్‌కాంగ్ కేంద్రంగా రూపుదిద్దుకొన్నది. ఈ తయారీదారుల మధ్య జరిగిన పోటీని సేకర్తలు సాధారణంగా నైపుణ్యాల పోటీగా వర్ణిస్తారు. నైపుణ్యం శిల్పుల, చిత్రకారుల చేతుల్లో ఉండి వారితోపాటే కదిలిపోగలది కనుక, సంస్థల మధ్య జయాపజయాలను ప్రధానంగా నిర్ణయించింది ముఖంపై అనుమతి హక్కు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ పోటీయే కొందరు శిల్పుల పేర్లను పెట్టె మీదకు ఎక్కించింది. అదే పని చేసే మరి కొందరి పేర్లు ఎక్కకపోవడమూ ఆ చరిత్రలో భాగమే.

కీలకపదాలు: యాక్షన్ ఫిగర్, ఆరోవంతు ప్రమాణం, హాంగ్‌కాంగ్, లైసెన్సు, ముఖసాదృశ్యం, శ్రమ.

ప్రవేశిక

2003 జనవరిలో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం ఒక వింత ప్రశ్నకు సమాధానం చెప్పవలసివచ్చింది. ఎక్స్‌మెన్ కథల్లోని పాత్రలు మనుషులా, కాదా? ప్రశ్న పుట్టింది వేదాంతంలో కాదు, దిగుమతి సుంకాల పట్టికలో. మనిషిని సూచించే ఆకృతి అయితే అది ‘డాల్’, సుంకం 12 శాతం. రాక్షసులు, జంతువులు, మరమనుషుల వంటి మానవేతర ఆకృతులైతే ‘టాయ్’, సుంకం 6.8 శాతం. టాయ్ బిజ్ సంస్థ తాను దిగుమతి చేసుకొన్న ఎక్స్‌మెన్ బొమ్మలు మానవేతరాలని వాదించింది. న్యాయమూర్తి జూడిత్ బార్జిలే ఆ వాదనను అంగీకరించారు. వివక్షకు గురవుతున్న మనుషుల కథగా ఎక్స్‌మెన్‌ను ప్రేమించిన పాఠకులకు ఈ తీర్పు మింగుడుపడలేదు. అంతకుముందు 1989లో ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం హాస్‌బ్రో సంస్థ వాదనను తోసిపుచ్చి, జి.ఐ. జో కూడా ‘డాల్’ మాత్రమేనని తేల్చింది.

ఈ వ్యాజ్యాలను తెలుగులోకి తేవడమే కష్టం. కొండపల్లి అంబారీ ఏనుగు, దసరా కొలువులోని పెళ్లికూతురు, గోడ మీది పటం, వెండితెర మీద ఆడే సినిమా అన్నీ మనకు బొమ్మలే. ‘యాక్షన్ ఫిగర్’ అనే పదబంధం మాత్రం సరిగ్గా ఆ రెండు ఇంగ్లీషు మాటల మధ్య సందులో పుట్టింది. మగపిల్లల చేతికి ‘డాల్’ ఇవ్వడానికి తల్లిదండ్రులు వెనుకాడతారన్న భయంతో 1964లో హాస్‌బ్రో దాన్ని వాడుకలోకి తెచ్చింది. ఆ విధంగా ఈ సరుకు చరిత్ర వ్యాపార జాగ్రత్తతోనే మొదలయింది.

దేహం మీద పోటీ

1964 నాటి జి.ఐ. జో ఎత్తు సుమారు పదకొండున్నర అంగుళాలు. వ్యవహారంలో దానిని పన్నెండు అంగుళాల బొమ్మ అంటారు. లైసెన్సు వ్యాపారి స్టాన్ వెస్టన్ తెచ్చిన ఆలోచనను హాస్‌బ్రో అధికారి డాన్ లెవిన్ రూపకల్పనకు తీసుకువెళ్లారు. చిత్రకారులు భంగిమల సాధనకు వాడే కీళ్ల చెక్కబొమ్మ ఆయనకు దారి చూపింది. మనిషి భంగిమను స్వంతం చేసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. కీళ్ల అమరికకు మాత్రం పేటెంటు దొరుకుతుంది. 1966లో హాస్‌బ్రోకు ఆ పేటెంటు లభించింది. బొమ్మ కుడి చెంప మీది గాటు వ్యాపార చిహ్నంగా పనిచేసింది. కుడి బొటనవేలి గోరు పొరపాటున లోపలి వైపు పడగా, దానిని దిద్దకుండా వదిలేశారు. నకలు తీసినవాడు ఆ తప్పును కూడా నకలు తీస్తాడు, దొరికిపోతాడు. ముఖం మాత్రం ఎవరిదీ కాదు. ఏ సైనికుడైనా కావచ్చు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ తరువాతి అర్ధశతాబ్దంలో తారుమారైన అంశం ఇదే.

1970ల చివరకు పన్నెండు అంగుళాల బొమ్మ అమెరికా అంగళ్లలో దాదాపు కనుమరుగైంది. చమురు సంక్షోభం తరువాత ప్లాస్టిక్ ధర పెరగడం ఒక కారణం. రెండవది స్టార్ వార్స్. ఆ చిత్రం బొమ్మల హక్కులను మెగో సంస్థ కాదనుకోగా కెన్నర్ తీసుకొన్నది. మూడు ముప్పావు అంగుళాల చిన్న బొమ్మలు చేసి, వాటికి సరిపడే వాహనాలు కూడా అమ్మింది. 1977 క్రిస్మసుకు బొమ్మలు సిద్ధం కాకపోతే, తరువాత పంపుతామన్న పత్రంతో ఖాళీ పెట్టెను అమ్మింది. కొద్ది సంవత్సరాల్లో మెగో దివాలా తీసింది. ఒక లైసెన్సును వదులుకోవడం సంస్థ ప్రాణం మీదకు రాగలదన్న పాఠం ఈ రంగంలో ఎవరూ మరచిపోలేదు.

ఆ స్టార్ వార్స్ బొమ్మల కాలి వెనుక సన్నని అక్షరాలుంటాయి. కాపీరైటు గల జనరల్ మిల్స్ అనుబంధ సంస్థ సంక్షిప్తనామం, సంవత్సరం, చాలా వాటిపై ‘హాంగ్‌కాంగ్’ అన్న మాట. హక్కుదారు పేరుంది, ఊరి పేరుంది. అచ్చు చెక్కినవారి పేరు గాని, కళ్లు దిద్దినవారి పేరు గాని లేదు. అప్పటికి హాంగ్‌కాంగ్ ప్రపంచంలోని అతిపెద్ద బొమ్మల ఎగుమతి కేంద్రాలలో ఒకటి. ఆ ఎగుమతుల్లో అధికభాగం ఇతరుల రూపకల్పనకు, ఇతరుల ముద్రతో చేసినదే.

హాంగ్‌కాంగ్ మలుపు

1978 తరువాత చైనా ఆర్థిక సంస్కరణలతో హాంగ్‌కాంగ్ యజమానులు కర్మాగారాలను సరిహద్దు దాటించి షెన్‌జెన్, డాంగ్వాన్ ప్రాంతాలకు తరలించారు. నగరంలో మిగిలింది రూపకల్పన, బేరసారాలు, అచ్చుల పనిలో దశాబ్దాల అనుభవం. ఇతరుల కోసం చేసిన పనిని తమ పేరుతో ఎందుకు చేయకూడదన్న ప్రశ్న ఆ పరిస్థితిలో సహజంగానే తలెత్తింది. ఈ క్రమంలో 1999, 2000 సంవత్సరాలు కీలకమైనవి.

1987లో స్థాపితమై సైనిక వాహనాల ప్లాస్టిక్ నమూనాలతో పేరుపొందిన డ్రాగన్ సంస్థ 1999లో ఆరోవంతు ప్రమాణపు సైనికుల బొమ్మలను విడుదల చేసింది. అమెరికాలో ట్వెంటీఫస్ట్ సెంచురీ టాయ్స్, హాంగ్‌కాంగ్‌లోనే బ్లూబాక్స్ వంటివి అప్పటికే ఈ ప్రమాణంలో పోటీపడుతున్నాయి. డ్రాగన్ ఆ పోటీని వివరాల పోటీగా మార్చింది. తుపాకీ పట్టీ మీది బొత్తాము, నీటిసీసా మూత, శిరస్త్రాణం లోపలి తోలు, భుజం మీది దళచిహ్నం అసలు వస్తువులతో పోల్చి చూసేటంత సూక్ష్మంగా వచ్చాయి. కొనుగోలుదారు ఇక పిల్లవాడు కాదు, యుద్ధచరిత్ర చదివిన పెద్దవాడు. అతడు తప్పులు పట్టుకొంటాడు. ఆ తప్పులు పట్టే కన్నే తయారీదారుల మధ్య తీర్పరి అయింది. అయినా ఈ దశలో ముఖం ముఖ్యం కాలేదు. ఒకే తల వేర్వేరు దళాల దుస్తులపై మళ్లీమళ్లీ కనిపించినా ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేకపోయింది.

అదే 1999లో మైఖేల్ లౌ అనే చిత్రకారుడు హాంగ్‌కాంగ్ ఆర్ట్స్ సెంటర్‌లో ‘గార్డెనర్’ పేరిట 99 బొమ్మలను ప్రదర్శించారు. అంతకుముందు జి.ఐ. జో దేహాలను తీసుకొని నగరపు వీధి కుర్రవాళ్లుగా మార్చిన అనుభవం ఆయనకున్నది. సైనికుడి చొక్కా విప్పి స్కేట్‌బోర్డు కుర్రవాడి దుస్తులు తొడగడం చిన్న మార్పుగా కనిపించవచ్చు. కాని బొమ్మ అమ్ముడయ్యేది చేసినవాడి పేరు మీద అని ఆ ప్రదర్శన తర్వాత అందరికీ తెలిసివచ్చింది. హాంగ్‌కాంగ్ బొమ్మల చరిత్రలో డ్రాగన్ సూక్ష్మతకంటె ఈ సంఘటనే దూరం ప్రయాణించిందని చెప్పవచ్చు.

2000లో హావర్డ్ చాన్ స్థాపించిన హాట్ టాయ్స్ కూడా సైనికుల బొమ్మలతోనే మొదలైంది. సైనికుల విపణి అప్పటికే కిక్కిరిసి ఉన్నది. సంస్థ కొద్దికాలానికే చలనచిత్ర పాత్రల వైపు తిరిగి ‘మూవీ మాస్టర్‌పీస్’ శ్రేణిని నెలకొల్పింది. ఈ మార్గంలో మొదటివారు వీరు కారు. కాలిఫోర్నియాలో 1994లో ప్రారంభమైన సైడ్‌షో ఇతర సంస్థలకు నమూనాలు చెక్కి ఇస్తూ, 1999 నుంచి పాత యూనివర్సల్ భయానక చిత్రాల పాత్రలతో స్వంత ముద్రపై అమ్మకాలు సాగించింది. టోక్యోలో 1996లో పుట్టిన మెడికామ్ తన ‘రియల్ యాక్షన్ హీరోస్’ శ్రేణిలో దుస్తుల కుట్టుపనికి ప్రసిద్ధి పొందింది. అమెరికా చిత్రకథారచయిత టాడ్ మెక్‌ఫార్లేన్ 1994 నుంచి తక్కువ ధర బొమ్మల్లోనే శిల్పపు నాణ్యతను పెంచి పెద్దల విపణికి నేల చదును చేశారు. ఆయన సంస్థకు మొదట ‘టాడ్ టాయ్స్’ అని పేరు. బార్బీ తమ్ముడి పేరు టాడ్ అని మాటెల్ అభ్యంతరపెట్టడంతో దానిని మార్చవలసివచ్చింది. మనిషి తన పేరును సైతం బొమ్మకు వదులుకోవలసిన సందర్భాలు ఈ రంగంలో ఉన్నాయి.

రెండు మిల్లీమీటర్ల కన్ను

ముఖం పోటీకి కేంద్రమైన తరువాత ప్రమాణపు లెక్క కఠినమైంది. ఆరడుగుల మనిషి ఆరోవంతులో ఒక అడుగు. తల నాలుగు సెంటీమీటర్లకు మించదు. అసలు కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం వ్యాసం సుమారు 12 మిల్లీమీటర్లు. బొమ్మలో అది రెండు. రంగు అర మిల్లీమీటరు జరిగితే అసలు ముఖంలో మూడు మిల్లీమీటర్లు జరిగినట్లే, అంటే మెల్లకన్ను. వస్త్రం మరో చిక్కు. మనిషిని ఆరోవంతు చేయవచ్చు, నూలుపోగును చేయలేము. మామూలు చొక్కా గుడ్డ బొమ్మపై ఆరు రెట్లు మందంగా కనిపిస్తుంది, కాలరు కంబళిలా నిలబడుతుంది. తల పోతపోసే మెత్తని పి.వి.సి. చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కనుక, మూలశిల్పాన్ని ఆ మేరకు పెద్దదిగా చెక్కాలి. ఏ ముఖం ఎక్కడ ఎంత కుంచించుకుపోతుందో అనుభవం చెప్పవలసిందే.

ఈ అనుభవాన్ని హాట్ టాయ్స్ దక్షిణ కొరియా కళాకారుల నుంచి తెచ్చుకొన్నది. జె.సి. హాంగ్ ముఖాలకు రంగు వేయడంలో, కళాదర్శకత్వంలో. యూలీ శిల్పంలో ఆ సంస్థ ముద్రను స్థిరపరచారు. చర్మం కింద రక్తపు ఛాయ, గడ్డం గీసుకొన్న తరువాతి నీలినీడ, పెదవి మీది తడి పొరలుపొరలుగా వేసిన రంగులో కనిపించాయి. మరో కొరియా శిల్పి ఆర్నీ కిమ్ బ్రూస్ లీ ముఖశిల్పాలతో సేకర్తల్లో ఖ్యాతి పొందారు. 2008 నాటి ‘ది డార్క్ నైట్’ చిత్రంలోని జోకర్‌కు హాట్ టాయ్స్ ఒక్కసారి కాదు, పలుమార్లు రూపమిచ్చింది. తరువాతి రూపాల్లో తల వెనుక భాగం తెరిచి కనుగుడ్లను కదిలించే ఏర్పాటు కూడా చేసింది. తన బొమ్మకు తానే పోటీ తెచ్చుకోవడం విచిత్రంగా తోచవచ్చు. గతేడాది కొన్నవాడికి ఆ బొమ్మ పాతబడిందని చెప్పడమే ఈ వ్యాపారపు ఇంధనం.

ఈ దశలోనే పెట్టెల మీద కొత్త సంప్రదాయం మొదలైంది. శిల్పి ఎవరు, రంగు వేసింది ఎవరు, కళాదర్శకత్వం ఎవరిది అన్న వివరాలు సినిమా పేర్లలాగా అచ్చయ్యాయి. దీనిని సంస్థల ఔదార్యంగా చూడనక్కరలేదు. తప్పులు పట్టే కొనుగోలుదారు చేతిని గుర్తుపట్టడం నేర్చుకొన్నాడు. పలానా వారు చెక్కారంటే ముందుగానే డబ్బు కడతాడు. పేరు అచ్చువేయడం ఆ విధంగా వ్యాపారావసరమైంది. అయితే పేరు తెలిసిన శిల్పి పోటీసంస్థకు పోవచ్చు, స్వంతంగా కొలువు తీర్చవచ్చు. నైపుణ్యాన్ని ప్రకటించుకొన్న సంస్థ దానిని కట్టిపడేయలేదు. అప్పుడు కట్టిపడేయగలిగింది ఏది?

అనుమతి

జవాబు లైసెన్సులో ఉన్నది. చిత్రనిర్మాణ సంస్థకు కనీస హామీ మొత్తం, ఆపైన అమ్మకాలపై వాటా చెల్లించాలి; మూలశిల్పం నుంచి పెట్టె మీది ఛాయాచిత్రం దాకా ప్రతిదశలో వారి ఆమోదం పొందాలి. పాత్ర మీద హక్కు ఒకరిది, నటుడి ముఖం మీద హక్కు మరొకరిది కావచ్చు. కాలిఫోర్నియా చట్టం 1985 నుంచి మరణించిన ప్రముఖుల పోలికపై వారసులకు హక్కు కల్పించింది. ఆ కాలపరిమితి ఇప్పుడు మరణానంతరం 70 సంవత్సరాలు. హాంగ్‌కాంగ్ తన సినిమా పుత్రుడిగా భావించే బ్రూస్ లీ 1973లో ఆ నగరంలోనే మరణించారు. ఆయన ముఖాన్ని ఆ నగరంలోని సంస్థే చెక్కినా, అధికారికంగా అమ్మడానికి అమెరికాలో ఆయన కుమార్తె షానన్ లీ ఆధ్వర్యంలోని సంస్థ అనుమతి కావాలి. కొండపల్లి బొమ్మకు మన దేశంలో భౌగోళిక గుర్తింపు ఉన్నది; అక్కడ చట్టం కాపాడేది ఒక ఊరి పనివాళ్ల సమూహాన్ని. ఇక్కడ కాపాడేది చెక్కబడిన ముఖాన్ని, చెక్కిన చేతిని కాదు.

లైసెన్సు ఒకే ముక్కగా ఉండదు. ప్రమాణాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి, పదార్థాన్ని బట్టి దానిని ముక్కలు చేసి పంచవచ్చు. అదే జోకర్‌ను హాట్ టాయ్స్ ఆరోవంతులో చేస్తే, హాంగ్‌కాంగ్‌కే చెందిన ఎంటర్‌బే నాలుగోవంతులో చేసింది. బయటికి భిన్నాభిరుచిగా కనిపించే పరిమాణభేదం చాలాసార్లు ఒప్పందపత్రంలోని గీత. దీని ప్రభావం స్టార్ వార్స్ విషయంలో మరింత స్పష్టం. 2000ల మధ్య నుంచి ఆ చిత్రాల ఆరోవంతు బొమ్మలను సైడ్‌షో చేస్తూ వచ్చింది. మెడికామ్ కూడా చేసింది. డిస్నీ 2009లో మార్వెల్‌ను, 2012లో లూకాస్‌ఫిల్మ్‌ను కొన్నది. ‘ఐరన్ మ్యాన్’ నుంచి మార్వెల్ పాత్రలతో సన్నిహితంగా పనిచేస్తున్న హాట్ టాయ్స్ 2014లో స్టార్ వార్స్ బొమ్మలనూ ప్రకటించింది. రెండు పెద్ద కథాప్రపంచాలు ఒకే యజమాని కిందికి రావడం ఒకే తయారీదారుకు కలిసివచ్చిందని అనుకోవడానికి ఆధారముంది. చిత్రమేమిటంటే, అమెరికాలో హాట్ టాయ్స్ బొమ్మలను పంపిణీ చేసేది సైడ్‌షోయే. పోటీదారు సరుకును తన అంగడిలో పెట్టి అమ్మి లాభపడుతూ, సైడ్‌షో క్రమంగా కదలని పెద్ద ప్రతిమల వైపు మొగ్గింది. మెడికామ్ అంతకంటె తెలివైన పని చేసింది. 2001లో మొదలైన ‘బేర్‌బ్రిక్’ ఎలుగుబంటి బొమ్మలో ఆకారం మారదు, పైపూత మాత్రమే మారుతుంది. పోలిక ప్రశ్నే తలెత్తని చోట పోలికలో ఓడిపోయే ప్రమాదమూ లేదు.

లైసెన్సు గెలిచిన సంస్థ తరువాత పోటీపడేది కాలంతో. శాన్ డియాగో కామిక్‌కాన్‌లో నమూనా చూపి, చేతితో రంగువేసిన ఆ ఒక్క ప్రతి ఛాయాచిత్రాలతో ముందస్తు చెల్లింపులు స్వీకరించి, సరుకును ఏడాదికో అంతకు మించిన కాలానికో పంపుతారు. ‘చిత్రంలోనిది నమూనా, మార్పులుండవచ్చు’ అన్న చిన్న అక్షరాల వాక్యం అన్ని సంస్థలదీ ఒకటే. 1977 నాటి ఖాళీ పెట్టె ఇప్పుడు శాశ్వత వ్యాపారపద్ధతి అయింది. ధర మాత్రం మారింది. 1964లో నాలుగు డాలర్లకు దొరికిన ప్రమాణపు బొమ్మ నేడు చాలాసార్లు 250 డాలర్లు దాటుతుంది.

పేరున్న చేతులు, పేరులేని చేతులు

నమూనాకూ సరుకుకూ మధ్య ఉన్న దూరంలోనే మిగిలిన కథ ఉన్నది. నమూనాకు రంగు వేసేది పేరున్న చిత్రకారుడు. వేల ప్రతులకు వేసేది దక్షిణ చైనా కర్మాగారాల పనివారు. లోహపు ముసుగులు అడ్డుపెట్టి తుంపర రంగు, కంటికి ప్యాడ్ ముద్రణ, ఆపైన కుంచె. రెండు మిల్లీమీటర్ల కన్ను వారి చేతిలో నిలబడితేనే పోటీలో సంస్థ నిలబడుతుంది. ఈ ప్రాంతపు బొమ్మల శ్రమకు చీకటి చరిత్ర ఉన్నది. 1993 నవంబరు 19న షెన్‌జెన్‌లోని జిలి బొమ్మల కర్మాగారంలో మంటలు చెలరేగి 87 మంది కార్మికులు మరణించారు. అది చౌక బొమ్మల కర్మాగారం, సేకర్తల సరుకుతో దానికి సంబంధం లేదు. కాని ఖరీదైన బొమ్మల పరిశ్రమ పెరిగింది ఆ నేల మీదనే, ఆ ఉపాధి వ్యవస్థలోనే. పెట్టె మీద పేర్లు అచ్చయ్యే సంప్రదాయం వచ్చినప్పుడు ఆ జాబితా మూలశిల్పం దగ్గర, మూలచిత్రణ దగ్గర ఆగిపోయింది.

పేరులేని చేతులు మరొక మార్గంలో పోటీలోకి ప్రవేశించాయి. నటుల ముఖాలను త్రిమితీయంగా నమోదు చేసి కంప్యూటరులో చెక్కడం సాధారణమైన తరువాత, మూలశిల్పం మట్టిముద్ద కాదు, ఒక దస్త్రం. చిన్న గదిలోని శిల్పి కూడా తలను ముద్రించి, రంగువేసి, లైసెన్సు లేకుండా అమ్మగలడు. ఇలాంటి తలలు విడిగా దొరుకుతాయి. సేకర్తలు వాటిని అధికారిక దేహాలకు తగిలిస్తారు. ఏ సంస్థ పేరూ, ఏ పాత్ర పేరూ లేకుండా ‘నీలిచొక్కా వీరుడు’ వంటి మారుపేర్లతో అవి చలామణి అవుతాయి. చట్టరీత్యా ఇది చౌర్యమే. పనితనం దృష్టితో చూస్తే వీటిలో కొన్ని అధికారిక తలలకు తీసిపోవు. నైపుణ్యం సంస్థ గోడలు దాటిందనడానికి ఇంతకంటె ప్రత్యక్ష నిదర్శనం అక్కరలేదు. గోడను నిలబెడుతున్నది లైసెన్సు.

ఆ గోడకూ ఇటీవల బీటలు కనిపిస్తున్నాయి. చైనా ప్రధానభూభాగానికి చెందిన క్వీన్ స్టూడియోస్ తన ‘ఇన్‌ఆర్ట్’ ముద్రపై అదే ‘డార్క్ నైట్’ జోకర్‌ను, అదే ఆరోవంతు ప్రమాణంలో, అధికారిక లైసెన్సుతోనే తయారుచేసింది. దక్షిణ కొరియాలో జె.ఎన్.డి. స్టూడియోస్ మూడోవంతు ప్రమాణంలో సిలికోన్ చర్మంతో బొమ్మలు చేస్తున్నది. ఒకప్పుడు హాంగ్‌కాంగ్‌కు చేతులు అరువిచ్చిన కొరియా, హాంగ్‌కాంగ్ కోసం కర్మాగారాలు నడిపిన చైనా రెండూ స్వంత ముద్రలతో వచ్చాయి; 1999లో హాంగ్‌కాంగ్ అమెరికా పట్ల చేసినది ఇదే. ఇన్‌ఆర్ట్ జోకర్ రెండు రకాలుగా వెలువడింది. ఒకదానిలో జుట్టు తలతోపాటే చెక్కినది. రెండవదానిలో నాలుగు సెంటీమీటర్ల తలకు వెంట్రుకలు నాటి, పాత్రకు తగినట్టు చిక్కులు తీర్చి, ఆకుపచ్చ ఛాయతో నిలిపారు. సేకర్తలు ఎక్కువగా చర్చించినది ఆ జుట్టు గురించే. ప్రతి తలకూ దానిని నాటిన పనివారి పేరు పెట్టె మీద వెతికితే దొరకదు.